చుక్కి మూడో జంప్ వదిలేసి టన్నెల్లోకి ఎందుకు దూరింది? కర్నూలు, అనంతపురం, కడప ఎజిలిటీ వాళ్ళు చూడండి

తుంగభద్ర ఒడ్డు (కర్నూలు):
అందరికీ నమస్కారం. నా కుక్క పేరు చుక్కి. నాటు కుక్క, మూడేళ్ళు, నుదుట తెల్లమచ్చ. ఏడాదిన్నరగా బి క్యాంపులో మా ఇంటి వెనక ఖాళీ స్థలంలో ఎజిలిటీ నేర్పిస్తున్నాను, అంటే అడ్డుకర్రల మీంచి ఎగరడం (జంప్), టన్నెల్ అనే గొట్టంలో దూరడం లాంటి అడ్డంకులను నంబర్ల వరసలో దాటే ఆట. మొన్న ఆదివారం మొదటిసారి పోటీకి బెంగళూరు తీసుకెళ్ళాను. రాత్రంతా ప్రయాణం. అయినా రింగులోకి దిగేటప్పుడు చుక్కి హుషారుగానే ఉంది.

కోర్సులో ఒకటి, రెండు జంప్‌లు వరసగా ఉన్నాయి. మూడో దానికి ఎడమకు తిరగాలి. రెండో జంప్ దిగగానే ఎదురుగా ఏడో నంబరు టన్నెల్ నోరు తెరుచుకుని ఉంది. "చుక్కీ ఇటు, ఇటు, హప్" అని గొంతు చించుకున్నాను. నా వైపు చూడను కూడా చూడకుండా టన్నెల్లోకి దూరిపోయింది. జడ్జి గారు చేతులు అడ్డంగా పెట్టి ఎలిమినేషన్ చూపించారు, అంటే పోటీ నుంచి తప్పించినట్టే. ఇంతదూరం వచ్చాం కదా, మిగతా కోర్సయినా చేయిద్దామనుకున్నాను. ఇరుసు మీద పైకీ కిందికీ ఊగే సీ-సా బల్ల సగం దాటింది, బల్ల ఇంకా గాల్లో ఉండగానే కిందికి దూకేసింది. బల్ల వెనక్కి తిరిగి దభీమని నేల కొట్టింది. ఆ చప్పుడుకు తోక కాళ్ళ మధ్య పెట్టుకుని వచ్చి నా పాదాల మీద కూర్చుంది.

అప్పటి నుంచి ఇంటి దగ్గర బల్లను చూస్తే మూరెడు దూరంలోనే ఆగిపోతోంది. మాట ఎందుకు వినలేదు, ఈ భయం ఎలా పోగొట్టాలి, తెలిసినవాళ్ళు చెప్పండి. రెండు రోజులుగా మనసు బాగాలేదు.

ఎర్రనేల (అనంతపురం):
అక్కా, వీడియో తీశారా? ఉంటే చుక్కి రెండో జంప్‌కు ఎగరబోయే చోట ఆపండి. చుక్కిని వదిలేసి మిమ్మల్ని మీరు చూడండి. మీ బూట్ల మొనలు ఎటు ఉన్నాయి, భుజాలు ఎటు ఉన్నాయి?

తుంగభద్ర ఒడ్డు (కర్నూలు):
మా తమ్ముడు తీశాడు. ఇప్పుడే ఆపి ఆపి చూశాను. చుక్కి ముందుకాళ్ళు నేల వదిలాయి. నా నోరు తెరిచి ఉంది, ఎడమ చెయ్యి ఎడమకు చూపిస్తోంది. కానీ రెండు బూట్లూ టన్నెల్ వైపే ఉన్నాయి. ఛాతీ కూడా అటే. అది అవతల దిగాక గానీ నేను తిరగలేదు. అప్పటికే దాని ముక్కు టన్నెల్ నోట్లో ఉంది. ఇది నేను రింగులో అసలు గమనించలేదు.

ఎర్రనేల (అనంతపురం):
అక్కా, మరి చుక్కి మాట విన్నట్టే కదా. మీ కాళ్ళు టన్నెల్ అన్నాయి, అది టన్నెల్లోకి వెళ్ళింది.

ఈ ఒక్క సంగతి అర్థం కావడానికి నాకు మూడేళ్ళు పట్టింది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. కుక్క జంప్ దాటాక ఎటు తిరగాలో గాల్లో ఉండగా ఆలోచించుకోదు. ఎగరకముందే, చివరి ఒకటి రెండు అంగల్లోనే తేల్చుకుంటుంది. తిరగాల్సి ఉంటే వెనక కాళ్ళు దగ్గరగా తెచ్చుకుని, వేగం తగ్గించుకుని, పొట్టిగా ఎగురుతుంది. నేరుగా వెళ్ళాల్సి ఉంటే ఒళ్ళు సాచి పొడవుగా ఎగురుతుంది. కాబట్టి మనం చెప్పేది ఏదైనా అది నేల వదలకముందే చేరాలి. అవతల దిగాక "ఇటు ఇటు" అని అరిస్తే, బస్సు స్టాపు దాటాక కండక్టర్‌కు చెప్పినట్టే.

రెండో విషయం, కుక్క మన నోటికంటే ముందు మన నడకను చదువుతుంది. మనం జోరుగా పరిగెడితే ఇంకా ముందుకే అనుకుంటుంది. జోరు తగ్గిస్తే మలుపు ఉందని పసిగడుతుంది. ఆ తర్వాత భుజాలు, ఆ తర్వాత పాదాలు, ఆ తర్వాత చెయ్యి. మాట అన్నిటికంటే చివర. మీరు ఆ రోజు చేతినీ మాటనూ ఎడమకు పంపారు, వేగం, భుజాలు, పాదాలు మూడూ టన్నెల్‌కు పంపారు. చుక్కి బలమైన వైపు వెళ్ళింది.

ఇంటి దగ్గర ఒక పని చేయండి. కుక్కను లోపల కట్టేసి, రెండు జంప్‌లు, మూడోది ఎడమకు, ఎదురుగా టన్నెల్ బదులు ఒక గోనె సంచి పెట్టండి. ముగ్గుపిండి తీసుకుని మీరు నడవాల్సిన దారి నేలమీద గీయండి. ఎక్కడ జోరు తగ్గించాలో అక్కడ ఒక చుక్క, ఎక్కడ భుజం తిప్పాలో అక్కడ ఇంకో చుక్క. ఆ గీత మీద పదిసార్లు ఒక్కరే పరిగెత్తండి. తర్వాత చూడండి, మీ బూటు అచ్చులు ఆ గీత మీద ఉన్నాయా, గోనె సంచి వైపు పోయాయా. మా ఎర్రమట్టిలో అచ్చులు చక్కగా పడతాయి, నేను అలాగే నేర్చుకున్నాను.

పోటీలో కోర్సు నడవడానికి మనకిచ్చే ఆ కొద్ది నిమిషాల్లో చాలామంది నంబర్లు బట్టీ పడతారు. నంబర్ల కంటే మీ కాళ్ళ దారి గుర్తుపెట్టుకోవడం ముఖ్యం. ఒకసారి కుక్క కంటి ఎత్తుకు వంగి కూడా చూడండి. నిలబడి చూస్తే కనబడని టన్నెల్ నోరు అక్కడి నుంచి ఎంత పెద్దగా కనిపిస్తుందో తెలుస్తుంది.

పొలంగట్టు (ఆదోని):
అందరూ చదువుకున్నవాళ్ళు, నేను చెప్పేది నచ్చకపోవచ్చు. మా ఇంట్లో మూడు తరాలుగా పొలం కాపలాకు కుక్కలు పెంచాం. బల్లంటే భయపడుతోందని బుజ్జగిస్తూ కూర్చుంటే ఆ భయం ఎప్పటికీ పోదు. మెడకు గొలుసు బిగించి నాలుగైదుసార్లు బల్లమీదుగా నడిపిస్తే దానికే తెలుస్తుంది, ఏమీ కాలేదని. కొత్త ఎద్దును కాడికి అలవాటు చెయ్యమా? ఇదీ అంతే. మా కరియ నాలుగడుగుల కాలువను అవలీలగా దాటుతుంది, ఒక్క బిస్కెట్టు పెట్టి నేర్పలేదు.

పీఈటీ కడప (కడప):
అన్నా, కాపలా కుక్కల గురించి మీకు తెలిసినంత నాకు తెలియదు, ఆ గౌరవం ఉంది. కానీ ఈ బల్ల సంగతి వేరు. కాలువ కదలదు. సీ-సా కుక్క కాళ్ళ కింద కదులుతుంది, తర్వాత చప్పుడు చేస్తుంది. ఆ కదిలే క్షణంలోనే మెడ బిగుసుకుంటే కుక్క రెంటినీ కలిపి గుర్తుపెట్టుకుంటుంది: బల్ల కదిలితే మెడ నొస్తుంది అని. మీరు నడిపిస్తే దాటుతుంది, నిజమే. గొలుసు తీసేసిన రోజు ఆగిపోతుంది. అంతర్జాతీయ కుక్కల సమాఖ్య ఎఫ్‌సీఐ పోటీల్లో కుక్క మెడకు గొలుసు, వేలాడే పట్టీ లాంటివేవీ ఉండకూడదు, ఎక్కడైనా తగులుకుంటాయని. హ్యాండ్లర్, అంటే నడిపించే మనిషి, కుక్కను తాకకూడదు, చేతిలో ట్రీట్ ఉండకూడదు, బొమ్మ ఉండకూడదు. అక్కడ చుక్కి దగ్గర ఉండేది తనకున్న ఇష్టం ఒక్కటే. ఆ ఇష్టాన్ని ఇంటి దగ్గరే కూడబెట్టాలి.

నేను బడిలో పిల్లలకు ఆటలు నేర్పే టీచర్ని. ఆదివారాలు పదిమంది పిల్లలతో, ఆరు కుక్కలతో ఎజిలిటీ క్లాసు నడుపుతున్నాను. మొదటి రోజు కుక్కలను తేవద్దంటాను. పిల్లలు జంటలుగా నిలబడతారు. ఒకరు హ్యాండ్లర్, ఒకరు కుక్క. కుక్కగా ఉన్నవాళ్ళు చేతులు వెనక్కి కట్టుకుని, హ్యాండ్లర్ భుజాలు ఎటు తిరిగితే అటే వెళ్ళాలి. హ్యాండ్లర్ ఒక్క మాట మాట్లాడకూడదు. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె ఉంది, క్లాసులో నోరు తెరవదు, హాజరు కూడా చెయ్యెత్తే చెబుతుంది. ఆ రోజు ఆ అమ్మాయి నడిపించిన జంట ఒక్క జంప్ తప్పలేదు. గట్టిగా మాట్లాడే పిల్లలందరూ తమ "కుక్క"లను పక్కదారి పట్టించారు, ఎందుకంటే వాళ్ళు మాట మీదే ఆధారపడ్డారు. ఒకడు వచ్చి "సార్, వాడు ఎడమంటాడు, కడుపు కుడికి తిప్పుతాడు, నేనెటు పోవాలి?" అన్నాడు. కుక్కలు అడగలేని ప్రశ్న వాడు అడిగాడు. అప్పటి నుంచి ఏ కొత్త బ్యాచ్ వచ్చినా మొదటి రోజు ఇదే చేయిస్తున్నాను.

తుంగభద్ర ఒడ్డు అక్కా, మీ తమ్ముణ్ణి కుక్కగా పెట్టుకుని ఎర్రనేల అన్న చెప్పిన ముగ్గు గీత మీద చేసి చూడండి.

పొలంగట్టు (ఆదోని):
మెడకు గొలుసే ఉండకూడదన్న సంగతి నాకు తెలియదు. అలాగైతే గొలుసుతో నేర్పి లాభం లేదు, ఒప్పుకుంటాను. మరీ ముద్దు చేస్తే పాడవుతుందనే మాట మీద మాత్రం ఉన్నాను. బల్ల విషయంలో మీరేం చేయిస్తారో రాయండి, చదువుతాను.

గుత్తి కోట (గుత్తి):
నేను వడ్రంగిని. అక్కా, ముందు మీ బల్ల ఎలా చేయించారో చెప్పండి. కుక్క తప్పు కాక బల్ల తప్పు కావచ్చు.

తుంగభద్ర ఒడ్డు (కర్నూలు):
పాత తలుపు చెక్క, కింద ఇనుప పైపు. తొమ్మిది అడుగులు ఉంటుంది. పైన నున్నగా పెయింట్ వేయించాం. చివర కిందికి వచ్చేటప్పుడు గట్టిగా కొట్టుకుంటుంది.

గుత్తి కోట (గుత్తి):
అనుకున్నాను. పోటీలో బల్ల పన్నెండు అడుగులకు కొంచెం తక్కువో ఎక్కువో ఉంటుంది, అడుగు వెడల్పు, మధ్యలో ఇరుసు దగ్గర రెండడుగుల ఎత్తు. మీది తొమ్మిదే కాబట్టి అదే ఎత్తులో పెడితే ఏటవాలు ఎక్కువై, పడేటప్పుడు జోరుగా పడుతుంది. పోటీ బల్లకు ఒక లెక్కుంది: దిగే చివర రంగు వేసిన భాగం మధ్యలో కిలో బరువు పెడితే రెండు మూడు సెకన్లలో నేలకు ఆనాలి. ఇంట్లో కిలో ఉప్పు ప్యాకెట్ పెట్టి చూసుకోవచ్చు. కుక్క ఎక్కే వైపు కొంచెం బరువుగా ఉండాలి, అప్పుడే అది దిగాక బల్ల తనంతట తాను మళ్ళీ పాత చోటికి వస్తుంది.

నున్నని పెయింట్ అసలు వద్దు. గోళ్ళు జారతాయి. తడి పెయింట్ మీద జల్లించిన సన్న ఇసుక చల్లి, ఆరాక ఇంకో పూత వేయండి. అరచెయ్యి రాస్తే పట్టు తెలియాలి, చర్మం గీరుకోకూడదు. రెండు చివర్లా మూడేసి అడుగులు పసుపు రంగు వేయండి, అదే కాంటాక్ట్. కుక్క ఆ రంగును తొక్కకపోతే ఫాల్ట్, అంటే తప్పు కింద లెక్క. టింబర్ డిపోలో చెక్క తీసుకుని మా దుకాణానికి తెస్తే కూలి తీసుకోకుండా చేసిస్తాను. కర్నూలు నుంచి గుత్తి ఎంత దూరం, గంటన్నర ప్రయాణం.

ఎర్రనేల (అనంతపురం):
గుత్తి అన్నకు దండం. బల్ల మారాక నేర్పే తీరు చెబుతాను.

మొదట చుక్కికి చప్పుడు మంచిదని తెలియాలి. దిగే చివర కింద ఇటుకలు పేర్చండి, బల్ల కేవలం రెండు వేళ్ళ ఎత్తు మాత్రమే కదిలేలా. ఇటుకల మీద పాత టైరు ముక్కో గోనెసంచి మడతో వేస్తే చప్పుడు మెత్తగా వస్తుంది. బల్ల మీదికి ఎక్కించొద్దు. పక్కన నిలబెట్టి, ముందుకాళ్ళు బల్ల చివర మీద వేస్తే "ఎస్" అని ట్రీట్ ఇవ్వండి. ఇష్టపడితే దానంతటదే కాలితో కొడుతుంది. టప్ మంటుంది, ట్రీట్ వస్తుంది. మా ముధోల్ జాతి కుక్క రెండో రోజుకే బల్ల చివరను తలుపు తట్టినట్టు తట్టి నా ముఖం చూసేది. చెవులు వెనక్కి పోతే, పెదాలు నాకుతుంటే, ఆవులిస్తే ఆ రోజుకు ఆపేయండి. ఆవులింత అంటే నిద్ర అనుకోవద్దు, టెన్షన్.

ఒక్కో ఇటుక తీసేది కుక్క ఆ మెట్టులో తోక ఊపుతూ వరసగా పనిచేసిన తర్వాతే. మొత్తం మీద నాలుగైదు వారాలు పడుతుంది, మధ్యలో రెండడుగులు వెనక్కి వెయ్యాల్సి రావచ్చు. పూర్తి బల్ల మీద నడిచే దశలో ఒక మనిషి దిగే చివరను చేత్తో పట్టుకుని నెమ్మదిగా దించాలి. చివర ఆగడానికి రెండు వెనక కాళ్ళు బల్ల మీద, రెండు ముందుకాళ్ళు నేల మీద పెట్టి నిలబడటం నేర్పండి. బల్ల నేల తాకకముందే దూకితే అయిదు ఫాల్ట్‌లు. నిలబడటం అలవాటైతే ఆ సమస్య ఉండదు.

లాబ్ అమ్మ (అనంతపురం):
నాది కొత్త ప్రశ్న, మధ్యలో దూరినందుకు ఏమనుకోవద్దు. మా లాబ్రడార్‌కు ఏడు నెలలు. మేడమీద ఫ్లాటు. సోఫా మీది నుంచి ఎగిరెగిరి దూకుతుంది, శక్తి ఎక్కువ. జంప్‌లు ఇప్పుడే మొదలుపెట్టొచ్చా?

వెటర్నరీ విద్యార్థి (ప్రొద్దుటూరు):
వద్దక్కా. లాబ్రడార్ లాంటి పెద్ద జాతుల్లో ఎముకల చివర్లలో పెరిగే భాగం గట్టిపడటానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. అంతలోపు ఎత్తు నుంచి మళ్ళీ మళ్ళీ దూకితే ఆ మెత్తని భాగమే దెబ్బతింటుంది, కాలు వంకర తిరిగే ప్రమాదం ఉంది. ఎఫ్‌సీఐ పోటీల్లో 18 నెలలు నిండని కుక్కను దించనివ్వకపోవడానికి కారణం ఇదే. సోఫా దూకుడు కూడా తగ్గించండి, కింద పరుపు వెయ్యండి.

ఇప్పుడు చేయగలిగినవి బోలెడున్నాయి. నేలమీద పైపు పడుకోబెట్టి నడిపించడం, వంపు లేని పొట్టి టన్నెల్, నిచ్చెన నేలమీద వేసి మెట్ల మధ్య కాళ్ళు పెట్టించడం, మీ పక్కన తిరగడం. ఈ వయసులో నేర్చుకున్న తిరగడమే తర్వాత అక్కరకొస్తుంది. ఇంకొకటి, పక్కటెముకల మీద చెయ్యి వేసి చూడండి. తేలిగ్గా తగలకపోతే బరువెక్కువ. లాబ్రడార్లకు తుంటి కీలు సమస్య వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి, పూర్తి ఎత్తు జంప్‌లు మొదలుపెట్టే ముందు ఒక ఎక్స్‌రే తీయిస్తే నిశ్చింత.

లాబ్ అమ్మ (అనంతపురం):
చెయ్యి వేసి చూశాను, ఎముకలు దొరకలేదు. ఈ రోజు నుంచి నెయ్యన్నం బంద్.

తుంగభద్ర ఒడ్డు (కర్నూలు):
ఒక సందేహం చాన్నాళ్ళుగా ఉంది. బెంగళూరులో కొందరు చుక్కిని చూసి "ఏ జాతి?" అని అడిగారు. నాటు కుక్క అన్నాక ముఖాలు తిప్పుకున్నారు. మనవాళ్ళను నిజంగా పెద్ద పోటీల్లోకి రానిస్తారా?

ఎర్రనేల (అనంతపురం):
ఆ ముఖాలను మరచిపోండి అక్కా. నేను వెళ్ళిన క్లబ్ పోటీల్లో ఎక్కడా వంశపత్రం అడగలేదు. పెద్ద స్థాయిలో తేడా ఉంది. ఎఫ్‌సీఐ ప్రపంచ ఎజిలిటీ చాంపియన్‌షిప్ 1996 నుంచి జరుగుతోంది, దానికి వంశపత్రం ఉన్న జాతి కుక్క కావాలి. యూరోపియన్ ఓపెన్‌లో, వరల్డ్ ఎజిలిటీ ఓపెన్‌లో ఆ నిబంధన లేదు, ఏ కుక్కయినా పాల్గొనవచ్చు.

అసలు ఈ ఆట ఎలా పుట్టిందో చూస్తే జాతి గొడవే ఉండదు. 1978లో లండన్ క్రఫ్ట్స్ డాగ్ షోలో రెండు కార్యక్రమాల మధ్య ఖాళీ సమయంలో జనాన్ని కూర్చోబెట్టడానికి ఏదైనా కావాలన్నారు. నిర్వాహకుల్లో ఒకరైన జాన్ వార్లీకి గుర్రాల జంపింగ్ పోటీలు గుర్తొచ్చాయి. పీటర్ మీన్‌వెల్ అనే శిక్షకుడితో కలిసి కుక్కల కోసం అలాంటి అడ్డంకులు తయారు చేయించాడు. జనానికి తెగ నచ్చింది. రెండేళ్ళకు, 1980లో, అక్కడి కెన్నెల్ క్లబ్ దీన్ని అధికారిక ఆటగా గుర్తించింది. ఖాళీ సమయం నింపడానికి వచ్చిన ఆట ఇది.

చుక్కి భుజం దగ్గర ఎత్తు ఎంత?

తుంగభద్ర ఒడ్డు (కర్నూలు):
46 సెంటీమీటర్లు.

ఎర్రనేల (అనంతపురం):
అయితే మీకు మేలు జరిగింది. ఎఫ్‌సీఐలో ఒకప్పుడు 43 నుంచి పైకి అన్ని కుక్కలూ లార్జ్ కిందికే వచ్చేవి, 55 నుంచి 60 సెంటీమీటర్ల జంప్. ఇప్పుడు 43 నుంచి 48 లోపు వాటికి ఇంటర్మీడియట్ అని వేరే వర్గం ఉంది, జంప్ 45 నుంచి 50. నడిమి ఎత్తున్న మన నాటు కుక్కలు చాలా వాటికి సరిగ్గా సరిపోయే ఎత్తు అది. రోజూ చేసే ప్రాక్టీసులో మాత్రం 30 దాటించొద్దు, వారానికి ఒకసారి పూర్తి ఎత్తు చాలు.

పొలంగట్టు (ఆదోని):
నేల గురించి ఎవరూ మాట్లాడలేదు, అది నాకు తెలిసిన విషయం. మా వైపు నల్లరేగడి. ఎండాకాలం నెర్రెలు విచ్చుకుంటాయి, కుక్క కాలివేలు ఇరుక్కుంటే గోరు ఊడుతుంది. మా కరియకు అయింది. వాన పడితే బంకమన్ను గోళ్ళ మధ్య ముద్ద కడుతుంది. కళ్లం చదునుగా ఉంటుందని అక్కడ జంప్‌లు పెట్టొద్దు, రాయిలా గట్టిగా ఉంటుంది, దిగినప్పుడు భుజాలకు దెబ్బ. నదిలో ఇసుక మరీ వదులు, కాలు దిగబడుతుంది. దున్ని, చదును చేసి, ముందురోజు సాయంత్రం నీళ్ళు చల్లిన ఎర్రమట్టి అన్నిటికంటే మేలు. కొత్త బల్ల కూడా అలాంటి చోటే పెట్టండి.

పీఈటీ కడప (కడప):
అన్నా, ఇది ఏ వీడియోలోనూ దొరకని సలహా. మా క్లాసు చోటు ఇవాళే మారుస్తున్నాను.

వెటర్నరీ విద్యార్థి (ప్రొద్దుటూరు):
నేల మాట వచ్చింది కాబట్టి ఎండ మాట కూడా. మన మూడు జిల్లాల్లో మార్చి నుంచి జూన్ దాకా పొద్దున ఏడు దాటితే ప్రాక్టీసు ఆపెయ్యాలి. కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, వేడి ప్రధానంగా రొప్పడం ద్వారానే బయటికి పోవాలి. మామూలు ఒంటివేడి 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్. 104 దాటితే ప్రమాదం మొదలైనట్టు, 106కు లోపలి అవయవాలు దెబ్బతింటాయి. నాలుక వెడల్పై పక్కకు వేలాడటం, చిగుళ్ళు ముదురు ఎరుపెక్కడం, తూలడం, వాంతి కనిపిస్తే వెంటనే నీడకు తీసుకెళ్ళి ఒళ్ళంతా మామూలు నీళ్ళు పోసి విసరండి. పొట్ట, తొడల మధ్య బాగా తడపండి. స్పృహ సరిగా లేకపోతే నోట్లో బలవంతంగా నీళ్ళు పోయొద్దు. తడపడం మొదలుపెట్టాకే ఆసుపత్రికి బయలుదేరండి. లేచి నడిచినా ఆసుపత్రి మానొద్దు.

ఇంకో మాట. నిన్నటిదాకా బాగా చేసిన కుక్క ఒక్కసారిగా జంప్ ముందు ఆగిపోతుంటే శిక్షణ తప్పని అనుకునే ముందు ఒళ్ళు చూడండి. చెవుల లోపల, కాలివేళ్ళ మధ్య గోమార్లు ఉన్నాయేమో వెతకండి. అవి కుట్టడం వల్ల వచ్చే టిక్ ఫీవర్‌లో ప్లేట్‌లెట్లు పడిపోతాయి, కుక్క నీరసించి తిండి తగ్గిస్తుంది. రక్త పరీక్షలో తెలుస్తుంది, ముందుగా పట్టుకుంటే మందుకు నయమవుతుంది. చుక్కికి కూడా ఒకసారి చేయించండక్కా.

తుంగభద్ర ఒడ్డు (కర్నూలు):
చేయించాను, అన్నీ బాగున్నాయి. గుత్తి వెళ్ళి బల్ల తెచ్చుకున్నాను. అన్న కూలి తీసుకోలేదు, పైగా వాళ్ళింట్లో ఉగ్గాని, బజ్జి పెట్టి పంపించారు. చుక్కికి కూడా వేడినీళ్ళలో కడిగిన మాంసం ముక్క.

తుంగభద్ర ఒడ్డు (కర్నూలు):
ఆరు వారాల తర్వాత రాస్తున్నాను.

మొదటి వారం చుక్కి కొత్త బల్ల చుట్టూ తిరిగింది, తాకలేదు. నేను పక్కన చాప వేసుకుని కూర్చుని శనక్కాయలు ఒలుచుకున్నాను. పిలవలేదు. నాలుగో రోజు దానంతటది వచ్చి కుడి ముందుకాలు బల్ల చివర పెట్టింది. ఇటుకల మీద టప్ మంది. చెవులు వెనక్కి పోయాయి. శనక్కాయ ఇచ్చాను. కాసేపు నన్ను, బల్లను మార్చి మార్చి చూసింది. మళ్ళీ కొట్టింది. నాకు కళ్ళల్లో నీళ్ళొచ్చాయి, ఎందుకో చెప్పలేను.

మూడో వారం తొందరపడి ఒకేసారి రెండు ఇటుకలు తీశాను. ఆ రోజంతా దగ్గరికి రాలేదు. మళ్ళీ పెట్టాను. ఇప్పుడు ఇటుకలు లేకుండా, తమ్ముడు చెయ్యి పట్టుకోకుండా పూర్తి బల్ల దాటుతోంది. మధ్యలో ఇరుసు దాటగానే ఒక్క క్షణం ఆగి, వెనక కాళ్ళు కొంచెం వంచి, బల్లతో పాటు కిందికి వెళుతుంది. నేల తాకాక ముందుకాళ్ళు మట్టిలో పెట్టి నా వైపు చూస్తుంది.

ముగ్గు గీత మీద తమ్ముణ్ణి కుక్కగా పెట్టి నడిపించాను. వాడు మూడుసార్లు గోనె సంచి మీదికి వెళ్ళాడు, మూడుసార్లూ నా భుజం ఆలస్యమే. ఇప్పుడు చుక్కి రెండో జంప్‌కు రెండంగల ముందే నేను జోరు తగ్గిస్తున్నాను. నిన్న పొద్దున ఎదురుగా నిజం టన్నెల్ పెట్టి, పదిసార్లు చేయించాను. ఎనిమిదిసార్లు మూడో జంప్‌కు వచ్చింది. తప్పిన రెండింటి వీడియో చూశాను, రెండుసార్లూ నా బూటు టన్నెల్ వైపే ఉంది.

ఎర్రనేల (అనంతపురం):
తప్పిన రెండూ కుక్క మీద వేయకుండా వీడియో చూశారు. అది చదివి చాలా సంతోషమేసింది అక్కా.

వీవ్ పోల్స్, అంటే వరసగా నిలబెట్టిన కర్రల మధ్య మెలికలు తిరుగుతూ వెళ్ళడం, మొదలుపెట్టారా? పోటీలో పన్నెండు కర్రలు, ఒక్కో దాని మధ్య 60 సెంటీమీటర్లు. మొదటి కర్ర ఎప్పుడూ కుక్క ఎడమ భుజం వైపు ఉండేలా దూరాలి, ఏ మూల నుంచి వచ్చినా సరే. మొదట రెండే కర్రలతో ఆ ప్రవేశం ఒక్కటి నేర్పండి. ముందే పన్నెండు పాతేసి కుక్కను చేత్తో తోస్తూ తిప్పొద్దు.

గుత్తి కోట (గుత్తి):
ఇనుప చువ్వలు నేలలో దిగ్గొట్టి, వాటి మీద పీవీసీ పైపులు తొడిగితే సరిపోతుంది. కుక్క తగిలితే వంగాలి, విరగకూడదు. పైపు పై అంచులు గరుకుగా ఉంటే ఆకురాయితో రుద్దండి. పన్నెండు చువ్వలు నా దగ్గర ఉన్నాయి.

పొలంగట్టు (ఆదోని):
మా కరియకు భుజం ఎత్తు 58. మెడకు పట్టీ లేకుండా నా వెనక తిప్పడం పదిరోజులుగా చేస్తున్నాను, శనక్కాయలతోనే. ఒకసారి మీరెవరైనా చూసి నా కాళ్ళు ఎక్కడ తప్పుతున్నాయో చెబితే బాగుంటుంది.

పీఈటీ కడప (కడప):
అందరికీ మధ్యలో గుత్తి అనుకూలం. వచ్చే ఆదివారం పొద్దున అయిదున్నరకు కలుద్దామా? గుత్తి అన్న స్థలం చూపిస్తానన్నారు. నేను ఆరు జంప్‌లు, టన్నెల్, దాన్ని కదలకుండా నొక్కి ఉంచే ఇసుక సంచులు తెస్తాను. ఆ తొమ్మిదో తరగతి అమ్మాయి కూడా వస్తానంది. పొలంగట్టు అన్నా, మొదటి అరగంట మీరు కరియను కట్టేసి ఆ అమ్మాయితో నడవాలి.

పొలంగట్టు (ఆదోని):
వస్తాను. కుక్కగా నడవాల్సింది నేనా, ఆ పాపా?

పీఈటీ కడప (కడప):
ముందు మీరు, అన్నా.

తుంగభద్ర ఒడ్డు (కర్నూలు):
నేనూ చుక్కీ నాలుగింటికే బయలుదేరుతాం. నీళ్ళ క్యాను, ముగ్గుపిండి నావి.